సార్ చూడని బాయి

ఆ అద్దం ఎక్కియ్యకుండ్రి సార్, ఏసీ పని చేస్తలేదు. దుమ్మంటరా? రామగుండంల రైలు దిగి దుమ్మని ముక్కు మూసుకుంటే ఎట్ల? మేం పుట్టినకాన్నుంచి గిదే పీలుస్తున్నం. జర ఓర్చుకోండ్రి.

చెప్పిన గద సార్, మీరు ఫికర్ వెట్టుకోకుండ్రి. అక్క మీ ఫోన్ ఎత్తకపోతే ఆఖరికి తమ్మునిది, నా నంబర్ సంపాయించిండ్రు. మంచిగ జేసిండ్రు. నేను కూడ డ్యూటీకి నాగా వెట్టి, దోస్తు కారు అడుక్కొచ్చిన. డంపర్ నడిపే చేతులు, జర కుదుపులుంటయ్.

తొవ్వపొంటి ఊకె కూసునుడెందుకు, ముచ్చట చెప్త వినుండ్రి. జమునక్క ముచ్చటే. ఆమెకు గైడు మీరే అయినా, సగం మీకు తెల్వది. మీరెన్నడన్న అడిగితే గద తెలిసేది?

మా నాయిన నర్సింగం బాయిల బొగ్గు నింపేటోడు. గీడ గనిని బాయే అంటం సార్. షిఫ్టు దిగి ఇంటికొచ్చినంక అక్కకే ముచ్చట్లు చెప్పేటోడు. నేను నిద్రవోయేటోన్ని, ఆమె నోరు తెరుసుకొని వినేది. డిగ్రీ గీడనే చేసి, ఎమ్మే సైకాలజీకి హైదరాబాద్ వోయింది. ఒకపాలి సెలవులకొచ్చి, అన్నం తినుకుంట నాయినకు ఏందేందో చెప్పవట్టింది. మన మనసు ఇప్పటిది కాదట, మనుషులు గుంపులు గుంపులుగ అడవులల్ల తిరిగిన కాలంల తయారైందట. ఎవడు పంచుకొని తింటడు, ఎవడు పక్కోని కష్టం తింటడు అని కనిపెట్టకపోతే గుంపు బతికేది కాదట. గందుకే మోసం జేసినోని మొఖం మనిషికి జల్ది మరుపురాదట. గీ శాస్త్రం మీదనే పరిశోధన చేస్త అన్నది.

నాయిన చెయ్యి కడుక్కొని వచ్చి కూసున్నడు. అటెన్క తన గ్యాంగుల ఆగయ్య అని ఒకడుండేటోడని చెప్పిండు. పని మొదలువెట్టంగనే మోకాలు నొప్పని కూలవడేటోడట. అందరు నింపితే తను గూడ నింపినట్టే, కూలి అందరికి సమానమే. వాన్ని ఎవ్వలు కొట్టలే, గ్యాంగు పెద్ద సర్దారుకు చెప్పలే. ఏం జేసిండ్రంటే, లోపల సద్ది తినే యాళ్లకు అందరు టోపీ లైట్లు వానికెల్లి పక్కకు మలుపుకున్నరు. వాని లైటు వానికున్నా, ఒక్కని లైటుకు బాయిల ఏం కనవడ్తది సార్? చుట్టూత చీకటి. రెండు దినాలు గట్ల తిన్నడు. మూడోనాడు అందరికంటె ముందు తట్ట వట్టుకున్నడట.

అక్క ఏడ్సింది. గట్ల ఏడ్సుడు నేను గప్పుడే చూసిన. దొరికింది నాయినా, నా పని దొరికింది అన్నది.

గా పనే మీ దగ్గరికి తీసుకొస్తే మీరు నవ్విండ్రు. కోతుల సైన్సన్నరట. మనసు గురించి చదువుమంటే అడివి గురించి చదువుతనంటవేందని పదిమంది ముంగట అన్నరట. యాది లేదా? ఉండది లెండ్రి. అక్క మాత్రం ఇడువలే. ఏడాది పొడుగు బాయికాడ నిలవడ్డది. షిఫ్టు అయిపోయి, తడిసిన బట్టలతోని మొగోళ్ళందరు పైకొచ్చే జాగల ఆడివిల్ల నిలవడితే ఎట్లుంటది? ముందుగాల నవ్విండ్రు, అటెన్క గదిమిండ్రు, ఆఖరికి కూసోని మాట్లాడిండ్రు. నాయినకు సిగ్గనిపించేది, అయినా క్యాంటీన్ల చాయ్ తెచ్చి ఆమె చేతిల వెట్టి, ఎరుకలేనోని లెక్క పక్కకువోయేటోడు.

ఫోటోలు చూపిచ్చి ఒక్కొక్కనికి ఒక్కొక్క కథ చెప్పేది. వీడు మంచోడు, వీడు గ్యాంగును ముంచినోడు అని. నెల దినాలకు మల్ల గదే ఫోటోలు చూపిస్తే, మంచోళ్ళ మొఖాలు కలిసిపోయినయట గని, ముంచినోని మొఖం అందరికి యాదికున్నదట. గది ఆమె కష్టం సార్. జర చూసి ఇస్తనన్నరు. రాసిందంత మీ చేతుల వోసింది.

కొన్ని నెలలకు లైబ్రరీల చూసింది. ఫారిన్ పత్రికల అచ్చయింది. మీ పేరొక్కటే. ఆగయ్య ముచ్చట కూడ ఉన్నది, టోపీ లైట్లతోని సహా, ఇంగ్లీషుల. మా ఇంట్ల అన్నం కాడ మా నాయిన నోట్లకెల్లి వచ్చిన మాట.

ఏంది సార్, నీళ్ళు కావాల్నా? ఉన్నయ్, ఇస్త. ముందుగాల గిది వినుండ్రి.

ఆమె మీ రూముకొచ్చి అడిగింది. మీరు కుర్సీల కెల్లి లేవకుంటనే ఒక మాటన్నరు. గా మాట మా ఇంట్ల అందరికి నోటికొచ్చు.

“నువ్వు కూలీలతోని మాట్లాడినవు. నేను దాన్ని సైన్స్ చేసిన.”

పోనియ్, గంతటితో ఆగినా సరిపోయేది. ఆమె డిపార్ట్‌మెంట్ హెడ్డుకు చెప్పుకున్నదని తెలిసినంక మీరు ఇంకో పని చేసిండ్రు. జమునకు మనసు బాగలేదు, పాపం, ఒంటరిగ మాట్లాడుకుంటది అని ఒక్కొక్కరి చెవిల వేసిండ్రు. సైకాలజీ ప్రొఫెసర్ చెప్పినంక ఎవడు కాదంటడు? గాలికి చెప్పిన మాట కాకపాయె, డాక్టరు చెప్పినట్టే అయిపాయె.

వరంగల్‌ల ఒక నౌకరి ఇంటర్వ్యూ. జవాబులన్ని మంచిగ చెప్పింది. ఆఖరికి ఒక పెద్దామె, మంచామెనే, మెల్లగ అడిగిందట, మందులు యాళ్లకు వేసుకుంటున్నవా అమ్మా అని. కోపమొస్తే చూసిండ్రా అంటరు. ఏడిస్తే చూసిండ్రా అంటరు. అందుకని నవ్వింది. నవ్వుకుంటనే బయటికొచ్చి బస్సెక్కింది. ఇంటికొచ్చినా గా నవ్వు మొఖం మీదకెల్లి పోలే సార్. అమ్మ చూసి భయపడ్డది.

గా ఎండకాలమంత ఆమె తన పుస్తకాలల్ల ఉండే ప్రశ్నలు తీసి తన్నే అడుక్కునేది. నిద్ర పడ్తుందా, ఎవరన్న ఎనకపడ్తున్నరనిపిస్తుందా, లేని మాటలు వినవడ్తున్నయా. నాకు నిజంగనే ఏమన్న అయ్యిందేమోరా అని నన్నడిగింది. నేను టెన్త్ ఫెయిలైనోన్ని, నన్నడిగింది. నేనేం చెప్త?

గదే యాళ్లల్ల నాయిన దవాఖానల పడ్డడు. ఊపిరితిత్తులు. ఒకనాడు నన్ను బయటికి పొమ్మని ఆమెను పిలిచిండు. నేను పోలే, తలుపు కాడనే నిలవడ్డ.

“బిడ్డా, ఆగయ్య ముచ్చట పుస్తకంల అచ్చయిందా?”

“అయింది నాయినా.”

“నా పేరు వెట్టినవా?”

“పెట్టిన. నర్సింగం అని పెద్దక్షరాలల్ల.”

నాయిన సంబురపడ్డడు. పక్క మంచమాయనకు చెప్పిండు, నర్సుకు చెప్పిండు. నా పేరు ఫారిన్ పుస్తకంల ఉన్నదని. వారం తిరుగకముందే పాయె. మా అక్క నాయినకు పుట్టిబుద్దెరిగి అబద్దం చెప్పలే సార్. గా ఒక్కటి మీరు చెప్పిచ్చిండ్రు.

మాట్లాడుండ్రి, వింటున్న. అప్పట్ల పద్ధతి గట్లనే ఉండేదా? గైడ్ల పేర్లే పడేదా? సరే. పేరు సంగతి పద్ధతే అనుకుందాం. మెంటల్ అన్నది ఏ పద్ధతి?

అద్దం ఎక్కియ్యకుండ్రి సార్, చెప్పిన గద.

అటెన్క ఏండ్లకేండ్లు డిగ్రీ కాలేజీల గంటల లెక్కన పాఠాలు చెప్పింది. వేరే గైడును వెతుక్కొని, వేరే విషయం తీసుకొని, మల్ల మొదటికెల్లి రాసింది. ఇయ్యాల ప్రొఫెసర్ అయిందంటే ఎవ్వల దయతోని కాలే. గా అడివికాలం మనసు శాస్త్రం మాత్రం ఇడువలే. పిల్లలకు పాఠం చెప్పంగ నేనొకపాలి వెనక బెంచీల కూసున్న. మోసగాన్ని పట్టుకునుడు అల్కటే, శిక్షించుడే కష్టమట. ఎందుకంటె శిక్షించేటోడు ముందుగాల తను నష్టపోవాలె. పగ వస్తది, టైము పోతది, పేరు పోతది. గందుకని అందరు పక్కోని దిక్కు చూస్తరట, వాడు చేస్తడేమోనని. గా సందుల మోసగాడు పెద్దమనిషైతడు.

పాఠం బాగుంది గని, నువ్వు గూడ గట్లనే చూస్తున్నవు గదనే అక్కా అన్న బయటికొచ్చినంక. నేను వోయి ఆయన కాలర్ వట్టుకుంట అన్న. నువ్వు జైలుకు పోతవు, ఆయన సన్మానానికి పోతడు, ఊకో అన్నది. ఊకున్న. డంపర్ల మీద కూసోని ఇన్నేండ్లు ఊకున్న.

మొన్న ఎండకాలం సుమైరా వచ్చింది. మీ దగ్గర పరిశోధన చేసిన బెల్లంపల్లి పిల్ల. నాయిన ముఖీత్ భాయ్ లారీ మెకానిక్, ఆయనే బండి మీద తీసుకొచ్చిండు. ఆ పిల్ల రాసింది కూడ మీ పేరు మీదనే అచ్చయిందట. గది చెప్తుంటె అక్క మామూలుగనే విన్నది. ఆఖరికి ఆ పిల్ల తల దించుకొని, మేడం, నాకు మెంటల్ అని అందరికి చెప్తున్నరు అన్నది.

మీరు మాట గూడ మార్చలే సార్. ఇన్నేండ్లల్ల ఒక కొత్త అబద్దం పుట్టియ్యలేకపోయిండ్రు.

ముఖీత్ భాయ్ చాయ్ తాగుతుంటె అక్క బయటికొచ్చి నాతోని అన్నది.

“సంపత్, ఈపాలి నష్టం నేనే వెట్టుకుంట.”

సుమైరా యూనివర్సిటీల మీ మీద ఫిర్యాదు పెట్టింది. కమిటీ వేసిండ్రు. మీకేమో ఢిల్లీల పెద్ద పదవి వచ్చే టైమాయె. జమున గూడ సాక్ష్యం చెప్తదని తెలిసి మీకు నిద్రవట్టలే. అక్కతోని ఒక్కసారి కూసొని మాట్లాడితే సాలు, ఆమె మెత్తని మనిషి అన్నరు నాతోని ఫోన్ల. నిజమే. మెత్తనిదే. గదే నాకు భయమయింది.

ఏంది? అక్క ఉండే కాలనీ తొవ్వ గిది కాదా? బోర్డులు మంచిగనే చదువుతున్నరు సార్. కాలనీ అటు ఎడమకు వోయింది.

గిదిగో, వచ్చినం. తుమ్మచెట్లు తప్ప ఏం కనవడ్తలేదంటరా? గిదే మా నాయిన దిగిన బాయి. బొగ్గు అయిపోయింది, మూసిండ్రు. అక్క నిలవడ్డ జాగ గా గోడ పక్కన. మీరు పత్రికల రాసిండ్రు గద, మూడు నెలలు గనిముఖం దగ్గర కూసున్న, కార్మికులు నన్ను తమ మనిషిలెక్క చూసుకున్నరు అని. అక్క నాకు తెలుగుల చదివి చెప్పింది. ఇయ్యాల్టిదాక మీరు మా గోదావరిఖనిల కాలువెట్టలే. చూసుకోండ్రి, ఎట్లుందో.

అక్క ఇంట్ల లేదు సార్. నిన్ననే హైదరాబాద్ వోయింది. మీరు పొద్దుగాల రైలెక్కి ఇటు వస్తుంటె, ఆమె మీ డిపార్ట్‌మెంట్ మెట్లెక్కుతున్నది. ఇప్పుడు కమిటీ ముంగట ఉంటది, సాక్షులను పిలిచింది ఇయ్యాల్నే అని మీకు చెప్పలే గద. నాయిన గ్యాంగుల సదయ్య కాక ఒక్కడే మిగిలిండు, ఆయన గూడ ఇస్త్రీ అంగీ వేసుకొని పోయిండు. మీ ఫోటో చూపిస్తే, ఈ సారును నా జన్మల చూడలే అన్నడు. గదే ఆడ చెప్తడు.

మీరు ఆడుంటే తలుపుకాడ నిలవడేటోళ్ళు. జమునా, ఒక్క మాట, అని కండ్లల్ల నీళ్ళు తెచ్చుకునేటోళ్ళు. అక్క కరిగిపోయేది. గందుకే ఇయ్యాల్నే రమ్మన్న.

దిగుండ్రి. గుంజను సార్, మీరే దిగుండ్రి. ఇన్నేండ్ల సంది కాలర్ వట్టుకుందామనుకున్న చెయ్యి, స్టీరింగ్ మీదనే ఉంచిన. చౌరస్తా దాక నడిస్తే ఆటోలు దొరుకుతయ్. సాయంత్రం రైలుంటది. గప్పటికి అక్క చెప్పుడు అయిపోతది.

ఆమెకు గీ సంగతి తెల్వది. తెలిస్తే నాతోని మాట్లాడది. ముసలాయనను ఎండల ఇడిసిపెడ్తవారా, గాయనకు నీకు తేడా ఏముంది అంటది. అననియ్. తప్పని నాకూ తెలుసు. గని మంచిగనిపిస్తున్నది సార్, ఏం చెయ్యమంటరు?

ఇగో, గీ నీళ్ళ సీసా తీసుకోండ్రి. ఎండ మస్తుగున్నది. గిది అక్క నేర్పిన బుద్ధి. మిగిలిందంత నాదే.