గోడకి తిరిగిన ఏడుగురు

ఏంటే నాచా, ఆ కాగితం చుట్టలో? విప్పు, చూడనీ. నా కళ్ళజోడు అందుకో, ఆ కెటిల్ పక్కనే ఉంది. ఓహో, ఈ పిల్లాడా! చిరుగుల చొక్కా, చేతిలో ఎండు రొట్టెముక్క, చెంపమీద శనగగింజంత కన్నీటిబొట్టు. ఆదివారం సంతలో కొన్నావా? పాతకాలపు బొమ్మ, సోఫా పైన గోడకి బాగుంటుందంటావు. బాగుంటుందే, ఎవరు కాదన్నారు? మీ ముత్తవ్వ, అదే మా అమ్మ, దుమ్ము దులిపిన గోడకీ బాగానే ఉండేది. ఆగాగు, మేకు కొట్టకు. ఆ సుత్తి అక్కడ పెట్టి కూర్చో.

మా అమ్మని నువ్వెరగవు, మీ అమ్మే ఎరగదు. ఎర్మెలిండా. పై కొండమీద దోన్యా ఇసొలీనా అనే ఆవిడ ఇంట్లో పని. రాత్రీ పగలూ అక్కడే, వంటింటి వెనక కిటికీ లేని గది, ఒక్క మంచం. పదిహేను రోజులకో ఆదివారం సెలవు. పిల్లలుంటే వేరేచోట పెట్టుకోవాలి, అదీ పద్ధతి. నన్ను అమ్మమ్మ దగ్గర ఉంచింది. నాకు ఆరేళ్ళప్పుడు, వానాకాలంలో, అమ్మమ్మ పోయింది. అమ్మ వెళ్ళి అడిగింది. "అమ్మగారూ, మా చెల్లెలు దక్షిణం నుంచి వచ్చేదాకా, పిల్లని నా మంచంమీదే పడుకోబెట్టుకుంటా." ఆవిడ గొంతు ఇలా, తేనె కారుతున్నట్టుండేది. "అయ్యో లిండా, నా మనసు నీకు తెలుసుగా, పిల్లలంటే ప్రాణం! కానీ ఇంట్లో పిల్లలంటే, తివాచీలు, దగ్గులూ..." ఆ మాటనేటప్పుడు ఆవిడ వెనక గోడమీద ఎంతమంది? ఏడుగురు! ఒకడికి చెప్పుల్లేవు, ఒకత్తి చంకలో ముక్కు కారే తమ్ముడు, అందరికీ బంగారుపూత ఫ్రేములు. వచ్చినవాళ్ళకల్లా చూపించి కళ్ళొత్తుకునేది. "ఈ పసివాడు నన్ను నిద్రపోనివ్వడండీ!" గోడమీదుండి నిద్ర చెడగొట్టొచ్చు. మంచంమీదుండి దగ్గకూడదు. అంతే తేడా.

ఏం చేస్తుంది మరి? నన్ను దాచేసింది. పదకొండు రోజులు. దగ్గొస్తే దిండు కొరకమంది. ఆవిడ చెప్పులు టకటకమంటే అమ్మ గిన్నెలు దడదడలాడించేది, నేను దగ్గినా వినపడకుండా. ఆ గదిలో నాకు తోడు పునీత ఆంథోనీ, అరచేతంత పటం. మనవాళ్ళ సంగతి తెలుసుగా, అడిగింది ఇవ్వకపోతే ఆయన్ని గోడకి తిప్పేస్తాం, ఇచ్చేదాకా మొహం చూడం. నవ్వకు, పరీక్షలప్పుడు నువ్వూ చేశావు. చెల్లెలు త్వరగా రావాలని అమ్మ ఆయన్ని తిప్పేసింది. నేను రోజంతా ఆయన వీపే చూస్తూ పడుకునేదాన్ని.

పన్నెండోనాడు అమ్మగారి స్నేహితురాళ్ళు టీకొచ్చారు. అనాథల కోసం ఏదో సంబరం చేస్తారట, దాని మాటలు. నాకేమో పాలకోవా పెట్టిన బిస్కెట్ల వాసన. తలుపు తీసుంది. ఉత్తికాళ్ళతో నడవాలోంచి నడిచెళ్ళిపోయా. ఆ బొమ్మల్ని అప్పుడే మొదటిసారి చూడ్డం. మా వీధి పిల్లలే కదా, వీళ్ళు అందులో ఎలా దూరారా అనుకుంటూ గది మధ్యలో నిలబడ్డా. అందరి తలలూ నావైపు తిరిగాయి. గుమ్మంలో అమ్మ, చేతిలో పళ్ళెం. అప్పుడు బొచ్చుకాలరు ఆవిడ ఒకర్తి, "ఇసొలీనా! బొమ్మలోంచి దిగొచ్చినట్టు లేదూ?" అంది. అమ్మగారి మొహం ఎర్రబడింది. అందరివైపూ చూసింది. చూసి నవ్వింది! "పనిమనిషి పిల్ల. పాపం, నేనే చేరదీశా." నా రెక్క పట్టుకుని చివరి బొమ్మకింద నిలబెట్టింది. "తల అలా వంచు బంగారం. కాస్త ఏడు, చూద్దాం."

నేనేం చేశానో తర్వాత చెప్తా. అమ్మ పళ్ళెం బల్లమీద పెట్టింది, చప్పుడు కాకుండా. అవతలి చివర్నుంచి మొదలెట్టింది. మొదటి పిల్లాణ్ణి పట్టుకుని గోడకి తిప్పింది. వెనక గోధుమరంగు కాగితం, సాలెగూడు. రెండోవాడు. మూడోది. తీగ గోడకి గీసుకుంటే గర్రుమంటోంది, అదొక్కటే చప్పుడు. "లిండా, ఏమిటిది? నీకేమన్నా పిచ్చా?" నాలుగు. ఐదు. "లిండా, నిన్నే!" ఆరు. ఏడోది నా తలమీద. నా మీదుగా చెయ్యి చాపింది, ఏప్రనంతా బట్టల సబ్బు వాసన. దాన్నీ తిప్పింది. నా చెయ్యి పట్టుకుంది. గదిలోకెళ్ళి ఆంథోనీని జేబులో వేసుకుని, వానలో, కొండ మెట్లన్నీ దింపేసింది.

నేనేం చేశానా? ఏడ్చానే. ఏడవమంటే ఏడ్చా. బొమ్మల్లోవాళ్ళకంటే బాగా. చప్పట్లు కొట్టారు, బిస్కెట్టిచ్చారు. మెట్లు దిగుతూ అన్నా కదా, "ఎందుకొచ్చేశామే అమ్మా? ఇంకోసారి ఏడిస్తే ఇంకోటి ఇచ్చేవాళ్ళు కదా" అని. మీ తాతకి కూడా చెప్పలేదీ మాట. అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే, నా రెండో చెయ్యీ బిగుసుకుని ఆ సగం బిస్కెట్టు పొడి...

అదేంటే, వాణ్ణెందుకు గోడకి తిప్పుతున్నావు? వాడేం చేశాడు? ఇటు తిప్పు.

కెటిల్ పెట్టవే. టీ చల్లారిపోయింది.