ఓడిన మర్నాడు

హవాయి దీవుల్లోని హిలో ఊళ్ళో, సముద్రం రోడ్డు పక్కన, ముప్పై ఏళ్ళు శాసనసభలో కూర్చుని నిన్న ఓడిపోయిన పెద్దాయన అక్కడి ఆనవాయితీ ప్రకారం ఓటర్లకు కృతజ్ఞతల బోర్డు పట్టుకుని నిలబడ్డాడు. పక్కన భార్య.

“చెయ్యి ఊపండి. ఓడినవాళ్ళూ ఊపాల్సిందే కదా.”

“ఎవరికి ఊపను? చెరుకు మిల్లు మూసేస్తే కంపెనీ క్యాంపు ఇళ్ళు అందులో ఉంటున్న కూలీల పేర రాయించింది నేను. ఆ ఇళ్ళ ముందే అవతలివాడి బోర్డులు పాతారు.”

“అదుగో, ఆ క్యాంపులో ఉండే ఒనిషి బండి వస్తోంది.”

“వాడి ముంగిట్లోదే అన్నిటికన్నా పెద్ద బోర్డు.”

“మొహం తిప్పుకుంటున్నాడండీ.”

“సిగ్గుపడనీ.”

“సిగ్గుపడితే ఇక మన గడప తొక్కడు. మిగిలిన బతుకంతా ఈ ఊళ్ళోనేగా మనం.”

పెద్దాయన పళ్ళు నూరుతూ చెయ్యెత్తాడు. బండి ఆగింది.

“ఓడిపోయావుగా అన్నా. మా వీధి నీళ్ళ పైపు సంగతి ఇక ఎవరికి చెప్పుకోవాలి?”

“సాయంత్రం ఇంటికి తగలడు, చూస్తాను,” అనేశాడు పెద్దాయన.