కూజాలో మిరప తొడిమ

కోటేశ్వరి అని పల్నాటి పిల్ల. నరసరావుపేట అవతల మిరప చేల మధ్య పుట్టి, ఆ చేల మధ్యే పెరిగి, కడియం పక్కన నర్సరీ ఉన్న తాతబ్బాయిగారింటికి కోడలిగా వచ్చిందంట. వచ్చేటప్పుడు సారెతో పాటు రెండు మిరప కుండీలు కూడా బండెక్కించుకుంది. అత్తగారు వెంకాయమ్మ చూసి, మొక్కలమ్ముకునే ఇంటికి మొక్కలు తెచ్చుకుందేమిటీ పిల్ల అని నవ్విందంట. నవ్వినంతవరకూ బాగానే ఉంది. ఏమైందంటే, ఆ నర్సరీలో ఒక కూజా మొక్క ఉండేది. మీలో ఎంతమంది చూశారో గాని, అదొక తీగ మొక్క. ఆకు కొసనుంచి సన్నటి పోగు దిగుతుంది, ఆ పోగు చివర చిన్న కూజా వేలాడుతుంది, దానికో మూత. లోపల నీళ్ళు. చీమలూ ఈగలూ తేనె వాసనకి వచ్చి, కాలు జారి అందులో పడతాయి, మొక్క వాటిని తిని బతుకుతుంది. నేను కాకినాడలో బీయస్సీ చదివేటప్పుడు మా మేష్టారు దీని బొమ్మ బోర్డు మీద గీశారు. ఆయనా ఎప్పుడూ చూడలేదంట, ఆ బొమ్మ అచ్చం మా అమ్మ మరచెంబులా ఉండేది. సరే, అది వదిలెయ్యండి. తాతబ్బాయిగారు ఆ మొక్కని కలకత్తా నుంచి రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. దాని రెండు కొమ్మల్లో ఒకటి దారి వైపుకీ, ఒకటి గోడ వైపుకీ పందిరి మీద పాకించారు. రోజూ పొద్దున్నే భుజం మీది తువ్వాలు తీసి దాని ఆకులు తుడిస్తే గాని ఆయనకి తెల్లవారేది కాదంట.

కోటేశ్వరి వచ్చిన రెండో నెలలో ఆ మొక్కకి కొత్తాకు మెలి తిరిగి వచ్చింది. దాని తరవాతదీ అంతే. పొట్టిగా, గరుగ్గా, అంచులు ముడుచుకుని వచ్చేది, కొసన పోగు వంకరపోయి, కూజా కట్టకుండానే ఎండిపోయేది. తాతబ్బాయిగారికి అన్నం సయించలేదనుకోండి. బోరు నీళ్ళలో ఉప్పుందన్నారు, వాననీళ్ళు పట్టి పోశారు. ఎండెక్కువైందన్నారు, పైన తాటాకులు కప్పారు. ఎరువెక్కువైందన్నారు, మట్టి తీసేసి కొబ్బరి పీచు నింపారు. దిష్టన్నారు, పాత చెప్పు కట్టారు. ఆకు మాత్రం మెలి తిరిగే వచ్చేది. అప్పుడు వెంకాయమ్మ అందంట, ఈ పిల్ల వచ్చిన వారానికే కదా ఆ మొక్కకి ఒకపూట నీళ్ళు పోసింది, దీని చెయ్యి మొక్కలకి పడదేమో అని. మొగుడు సూరిబాబు ఏమన్నాడంటారా? పీచు మళ్ళీ మారుద్దాం అన్నాడంట. అంతకంటే మాటొచ్చే మనిషి కాదు. ఆనాటి నుంచి కోటేశ్వరిని కొమ్మ నాటనివ్వలేదు, అంటు కట్టనివ్వలేదు. మట్టి మొయ్యడం, సంచులు నింపడం, అంతే. నర్సరీ ఇంట్లో కోడలి చెయ్యి మొక్కకి పనికిరాదన్నాక ఇంక ఆ పిల్లకి ఆ ఇంట్లో చోటేముంది, మీరే చెప్పండి.

ఒక మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే కోటేశ్వరి మొక్క కింద నిలబడి చూసిందంట. చెయ్యి వెయ్యొద్దన్నారు గాని కళ్ళు వెయ్యొద్దనలేదు కదా. చూస్తే, పాతాకులు బాగానే ఉన్నాయి, కొత్తవే ముడుచుకున్నాయి. ముడుచుకోవడం కూడా కిందికి, పడవని బోర్లించినట్టు. మిరపకి ముడత పైకి వస్తే ఒక పురుగు, కిందికి వస్తే తెల్లనల్లి అని వాళ్ళ ఊళ్ళో గొడ్లకి పలుపు కట్టే పిల్లలు కూడా చెబుతారు. కంటికి ఆనదు, లేత చిగురులో దాక్కుని రసం పీలుస్తుంది. అయినా ఇది మిరప కాదు కదా అనుకుంది. అనుకుని గోడ వైపు కొమ్మ చూసింది. అది తిన్నగా ఉంది! ఒకే కుండీ, ఒకే వేరు, తాగేది ఒకే నీళ్ళు, కప్పింది ఒకే తాటాకు. నీళ్ళ దోషమైతే రెండు కొమ్మలూ ముడుచుకోవాలి కదా. మరి దారి వైపు కొమ్మకి ఉన్నదీ, గోడ వైపు కొమ్మకి లేనిదీ ఏమిటి? అలా ఆలోచిస్తూ చేతికందిన కూజా మూత ఎత్తి చూసిందంట. చచ్చిన చీమల మధ్య పచ్చగా రెండు మిరప తొడిమలు.

ఇక్కడొక సంగతి చెప్పాలి, ముందే చెప్పాల్సింది, మర్చిపోయాను. తాతబ్బాయిగారికి కడుపులో పుండు. డాక్టరు కారం ముట్టొద్దన్నాడు. వెంకాయమ్మ ఆయనకి చప్పిడి పప్పూ మజ్జిగన్నమే పెట్టేది. కోటేశ్వరి కుండీల్లో మిరపకాయలు మాయమైపోతుంటే చిలకలు కొడుతున్నాయనుకునేది. చిలక తొడిమ తీసి కూజాలో దాస్తుందా? ఆయన పొద్దున్నే కాయలు కోసి, తువ్వాలు కొసకి ముడేసుకుని, పందిరి కింద నిలబడి తినేసి, అదే తువ్వాలుతో ఆకులు తుడిచేవారన్నమాట. గోడ వైపుకి ఆయన చెయ్యి అందదు. కోటేశ్వరి పరుగున వెళ్ళి తన కుండీలు చూసుకుంది. చిగుళ్ళు కిందికి ముడుచుకునే ఉన్నాయి. పల్నాట్లో ఇంత ముడత లేని మొక్క ఎక్కడుంది అని ఇన్నాళ్ళూ పట్టించుకోలేదు. అంటే తెగులు తనది, మోసింది మామగారు. చెబితే ఆయన పరువు పోతుంది, చెప్పకపోతే మొక్కా పోతుంది, తన చెయ్యీ పోతుంది.

ఆ రోజుల్లో కోడళ్ళు మామగార్లతో ఎదురుగా మాట్లాడేవాళ్ళు కాదు. మర్నాడు పొద్దున్న ఆయన పందిరికి అవతల ఉండగా, ఈవిడ ఇవతల నిలబడి మొక్కతో మొదలెట్టిందంట.

"ఏమమ్మా కూజాలమ్మా, నీ జబ్బు మా ఊరిదే. నా కుండీల్లో నల్లి ఉంది, చూసుకోకపోవడం నా తప్పు. ఏదో చిలక పొద్దున్నే అక్కడ వాలి, తిన్నగా నీ దగ్గరికే వస్తోంది. నీ కడుపులో ఏముందో నేను చూశాను. ఎవరికీ చెప్పన్లే."

అవతల తువ్వాలు దులిపిన చప్పుడైంది. తరవాత ఆయన కూడా మొక్కతోనే అన్నారంట, "పాపం, ఆ చిలకకి తెలియదే అమ్మా. ఇప్పుడేం చెయ్యాలంట?"

"చిలకని ఏమీ అనక్కర్లేదు. తువ్వాలిస్తే ఉడకబెడతాను."

పందిరి మీదుగా తువ్వాలు వచ్చి ఆవిడ చేతిలో పడింది. వంటింట్లోంచి వెంకాయమ్మ, ఎవరితోనే మాటలు అంది. మొక్కతో అత్తయ్యా అంది ఈవిడ. అబద్ధం కాదు కదా.

మధ్యాహ్నం భోజనాల దగ్గర తాతబ్బాయిగారు, ఈ తెగులు నా తువ్వాలుతో నేనే తెచ్చాను, కనిపెట్టింది కోడలు, దాని చెయ్యి మంచి చెయ్యి అన్నారంట. వెంకాయమ్మ గరిటె ఆపి, ఎక్కణ్ణుంచి తెచ్చారు అంది. మిరప కుండీల నుంచి అన్నారు. మిరప కుండీల దగ్గర మీకేం పని అంది. ఆయన మెతుకులు కెలుకుతున్నారు. అప్పుడు కోటేశ్వరి మొదటిసారి ఆయన ఎదురుగా నోరు విప్పిందంట. "మామయ్యగారు ఏ మొక్కనీ తుడవకుండా వదలరు కదా అత్తయ్యా" అంది. వెంకాయమ్మ ఇద్దరి మొహాలూ చూసి, పప్పు వడ్డించింది.

ఆ సాయంత్రమే కోటేశ్వరి పండిన కాయలు రెండు విత్తనానికి ఉంచుకుని, పుట్టింటి కుండీల్లో మొక్కలు తన చేత్తోనే పీకి తగలబెట్టింది. కూజా మొక్కకి మెలి తిరిగిన చిగుళ్ళన్నీ కోసి మంటలో వేసింది. గంధకం పలచగా నీళ్ళలో కలిపి చల్లింది. ముడుచుకున్న ఆకు ఇంక తిన్నబడదు, కొత్తాకు కోసం కనిపెట్టుకుని ఉండాలి. ఉన్నారు. నెల దాటాక ఒక ఆకు తిన్నగా విచ్చుకుంది, దాని కొసన గోరంత కూజా వేలాడింది. తాతబ్బాయిగారు తుడవబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నారంట. వెంకాయమ్మ తనే కత్తి తెచ్చి కోడలి చేతికిచ్చి, కొమ్మ కోసి నాటు అంది. ఆ కొమ్మ బతికింది.

తరవాత కోటేశ్వరి మిరప విత్తనం నర్సరీకి దూరంగా, నూతి గట్టున పోసింది. కాయలు కాశాక వారానికొకటి పిట్టగోడ మీద పెట్టేది, చిలక కోసం. ఓ రోజు పెడుతుంటే వెనక నుంచి వెంకాయమ్మ అందంట, "ఒట్టి కాయ ఏం తింటుందే ఆ చిలక? నాలుగు ఉప్పురాళ్ళు కూడా పెట్టు."

అదండీ సంగతి. నేను బీయస్సీ చదివాను గాని ఒక్క మొక్క జబ్బూ కనిపెట్టలేదు. మా ఇంట్లో ఊరగాయ జాడీ ఎవరు ఖాళీ చేస్తున్నారో కూడా నాకు ఇప్పటికీ తెలీదు. మా ఆవిడకి తెలుసంట.