ముందు ఇరుసు కింద ఎనిమిదేళ్ళు

1982 జూన్ 14వ తేదీ సోమవారం ఉదయం, ఫిల్మ్ నగర్ ఇంకా బండరాళ్ళ గుట్టగా ఉన్న రోజుల్లో, శ్రీ పి.వి. సత్యనారాయణమూర్తిగారు మన ఔట్‌డోర్ యూనిట్ వర్క్‌షాపులో డిజైనరుగా బాధ్యతలు స్వీకరించారు. వారి ప్రతిభకు ఈ సంస్థ తగినదేనా అన్న సందేహం, ఈ నాలుగు మాటలు రాస్తున్న ఘడియలో మనసును కలచివేస్తున్నది.

ఆనాడు కెమెరా జీపు గుట్టలెక్కితే బొమ్మంతా అదిరిపోయేది. ఆ కుదుపు తగ్గించడానికి 1983లో మూర్తిగారు ముందు ఇరుసును కమాను పట్టీల (లీఫ్ స్ప్రింగుల) మీద నుంచి తప్పించి, కాయిల్ స్ప్రింగుల మీద నిలపాలని సంకల్పించారు. కమాను పట్టీలు బరువు మోయడమే గాక ఇరుసును కదలకుండా పట్టి ఉంచుతాయి. కాయిల్ స్ప్రింగు మోస్తుందే గాని పట్టుకోదు. కనుక ఇరుసు ముందువెనుకలకు పోకుండా రెండు ఊతకడ్డీలు, పక్కకు జరగకుండా ఒక అడ్డరాడ్డు అమర్చాలి. ఓస్, ఇంతేనా అనుకున్నాం. ఆ ఇంతకే ఎనిమిదేళ్ళు పట్టింది.

1987లో తొలి పరీక్షనాడు జీపు బండను గుద్దుకుని డ్రైవరు హనుమంతు నుదురు చిట్లింది. అందరూ అతణ్ణే తిట్టారు. "నేనేం జెయ్యలే సార్! గుంతల పడ్డప్పుడల్ల స్టీరింగ్ దానంతటదే తిరుగుతుంది, జర కిందికెళ్ళి సూడుండ్రి" అన్నాడతడు. మూర్తిగారు చూశారు. అడ్డరాడ్డు ఒక వాలున, స్టీరింగు రాడ్డు మరో వాలున ఉండి, ఇరుసు లేచి పడినప్పుడల్లా చక్రాలను పక్కకు తిప్పేస్తున్నాయి. దోషం తమదేనని అందరి ఎదుటా ఒప్పుకుని, రెండూ సమాంతరంగా కదిలేలా మొత్తం మళ్ళీ గీశారు.

1991లో తుది పరీక్షకు, కెమెరా బరువుకు బదులుగా వారు తమ ధర్మపత్ని శారదాదేవిగారినే కూర్చోబెట్టారు. "పెళ్ళయిన ఇరవయ్యేళ్ళకి షికారంటే ఇదాండీ, బండల మీద?" అని ఆవిడ దెప్పారు. దిగేటప్పుడు ఒళ్ళోని టిఫిన్ కారియరు తెరిచి, "ఏమండోయ్, చారు చుక్క ఒలకలేదు!" అని కేకేశారు. మూర్తిగారు మనస్ఫూర్తిగా నవ్వగా మేము చూసినది ఆ ఒక్కరోజే.

నెల తిరగకుండా షూటింగు. దర్శకుడు మండిపడ్డాడు. "ఏంటండీ ఇది? హీరో లోయలోకి దూసుకెళ్తుంటే పెళ్ళి ఊరేగింపులా ఉంది! ఊపండయ్యా కెమెరాని!" ఇద్దరు అసిస్టెంట్లు స్టాండు పట్టుకుని ఊపారు. అయ్యో, ఏ కుదుపును పోగొట్టడానికి ఆ మనిషి ఎనిమిదేళ్ళు ఇరుసు కింద పడుకున్నారో, ఆ కుదుపునే ఆయన కళ్ళెదుట చేతులతో పుట్టించారు.

మర్నాడే పాత పట్టీలు బిగించమని యాజమాన్యం ఉత్తర్వు. "నా లెక్కలో తప్పుంటే చెప్పండి, నా చేతుల్తోనే విప్పేస్తాను" అన్నారు మూర్తిగారు. తప్పు లేదని మా అందరికీ తెలుసు. మేనేజరు అక్కడే నిలబడి ఉన్నారు. యాభైమందిమీ నేల చూపులు చూశాం. ఆయనే స్పానరు తీసుకున్నారు. ఆపైన ఆరేళ్ళు బ్రేకులు సరిచేయించి, సంతకాలు పెట్టి ఇంటికి వెళ్ళారే తప్ప, మరొక్క గీత గీయలేదు.

1997 జూలై 31న వారు పదవీ విరమణ చేస్తున్నారు. మూర్తిగారూ, మీ లెక్క తప్పలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నామని తెలుసు. ఈ శాలువా దానికి సరిపోదనీ తెలుసు. శారదాదేవిగారి తోడుగా మీరు సంపూర్ణ ఆరోగ్యంతో, మా మాటను మీరు మళ్ళీ ఏనాటికైనా నమ్మగలిగేటంత దీర్ఘాయువుతో వర్ధిల్లాలని, తలెత్తి మీ ముఖం చూడలేకనే, కోరుకుంటున్నాం.