గ్రాఫులో బొడిపె

మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో, ఆపరేషనై పడుకున్న శరత్ బాబు సారు చేతికి గ్రాఫు కాగితం ఇచ్చి, కుప్పం నుంచి వచ్చిన శిష్యురాలు వసుధ మంచం పక్కన నిలబడింది.

"మళ్లా సెప్పమ్మా. ఏది మనం కొలిసింది, ఏది కంప్యూటర్ గీసింది?"

"నల్ల సుక్కలు మనవి సార్. న్యూట్రాన్లను స్ఫటికం మీదికి ఇడిస్తే అవి చెదిరిన లెక్క. ఎర్రగీత కంప్యూటర్‌ది."

"దానికెట్ల తెలిసె?"

"పరమాణువులు ఒకదాన్నొకటి ఎంత లాగుతాయో దానికి నేర్పించినారు సార్. మెషీన్ లెర్నింగ్. లక్ష పరమాణువుల్ని లోపల ఆడనిచ్చి, న్యూట్రాన్లు ఎట్ల చెదరతాయో అదే లెక్క కట్టింది."

"ఈడ బొడిపె..."

"రెండిట్లోనూ ఈడే ఉండాది సార్."

"పరికరం తప్పని నేను కొట్టేసిన బొడిపె."

"సార్, నీళ్లు తాగుతారా?"

"నీళ్లొద్దు. ఆరేండ్లాయె. ఈ బొడిపె సూపించి, పరమాణువులు ఉన్న సోట ఉండకుండా దూకతాండాయి సార్, అన్నాడు సుకుమార్. దొంగలెక్కలు తెచ్చినావా అంటి. అందరి ముందర. నువ్వూ ఉంటివి."

"ఉంటిని సార్."

"పీహెచ్‌డీ ఇడిసిపెట్టి పుంగనూరుకు పాయె. ట్యూషన్లు సెప్పుకుంటాండాడంట గదా? ఫోన్ కలుపు."

"ఈడ సిగ్నల్ లేదు సార్."

"ఇందాక మీ అమ్మతో మాట్లాడితివే!"

"ఎత్తడు సార్."

"నా నంబరైతే ఎత్తడు. నీదైతే ఎత్తుతాడు, కలుపు."

"వద్దు సార్."

"యాల? ఇంకా కోపమా నా మీద?"

"లేదు సార్. ఎప్పుడూ ఒక్క మాట అన్లేదు."

"అయితే రేపు డిశ్చార్జి కానీ, పుంగనూరు మీదుగా పోదాం. వాడింటి ముందర నిలబడి, నువ్వే కరెక్టురా అని నా నోటితో సెప్పాల. మన రీసెర్చి పేపర్లో మొదట వాడి పేరు, తరువాత నీది. ఈ సిములేషన్‌కు నువ్వెంత కష్టపడినావో..."

"నేను కాదు సార్."

"ఏంది, నువ్వు కాదు?"

"ఈ ప్రోగ్రాం రాసింది నేను కాదు. సుకుమారే. ట్యూషన్లు అయినాక కూసోని, మూడేండ్లు రాసినాడు."

"వాడా? మరి వాడే తేవాల గదా! యాడుండాడు? వసుధా... ఏడస్తాండావా? యాలమ్మా?"

"మొన్న వానల్లో డెంగ్యూ వచ్చె సార్. నాలుగు దినాల్లో పాయె. ఆఖరు దినం వాళ్లమ్మ రెజీనమ్మకు సెప్పినాడంట... 'నేను రాసినానని సారుకు సెప్పొద్దు మా, వసుధ రాసిందని సెప్పమను, అప్పుడన్నా సూస్తాడు' అని."