మాణెమ్మ పిలిచిన పిలుపు

పెద్ద రోడ్డు కింద అండర్‌పాస్ ఉన్నది గదా, దాని పక్కన చింతచెట్టు, పొద్దుగూకినంక గా దిక్కు మనూరోళ్లెవ్వరు పోరు, ఎందుకో ఎరికేనా మీకు? నవ్వుండ్రి నవ్వుండ్రి, ముందుగాల ఆ ఫోన్లు పక్కన పెట్టి ఇనుండ్రి.

పట్నం నుంచి కర్ణాటక సరిహద్దు దాకా గా రోడ్డు ఏసినప్పుడు మన ఊరు ఇటు, మనం దున్నుకునే చెల్కలు అటు అయినయ్. అండర్‌పాస్ల నుంచి పోతే మైలు సుట్టు, అందుకని అందరు నడిమిట్ల గోడ దుంకేటోళ్లే. మా తమ్ముడు సంగప్ప గట్లనే దుంకబోయిండు, లారీ గుద్దింది, అవుతలి ఒడ్డుకే పానం పోయింది. శవాన్ని ఇంటికి తెచ్చినం గని మనిషి రాలే. రోజు దీపం పెట్టే యాల్లకు మా మరదలు మాణెమ్మకు ఆయన అవుతల నిలబడ్డట్టే కనవడుతుండె. దాటనీకె అడుగేస్తడు, లారీ వస్తది, ఎనుకకు పోతడు. బండ్లు ఆగేదెప్పుడు, ఆయన ఇల్లు చేరేదెప్పుడు? అది తిండి మానేసింది.

ఇగ నేనే చెప్పిన, చచ్చిన జాగల పిడికెడు మన్ను కొంగుల కట్టుకొని, ఇంటికి రమ్మని పిలిచి, ఎనుకకు తిరగకుండ అండర్‌పాస్ల నుంచి తోల్కరా అని. ఒక్క ముచ్చట మర్చిన, నా నోరు పడిపోను. పేరు పెట్టి పిలువాలె. పెండ్లైనకాడికెళ్లి అది మొగని పేరు నోట తీసిన మనిషా? ఇంటికి పోదాం రావయ్యా అని పిలిచిందట. గా రోడ్డు మీద చచ్చి, పిలిచే దిక్కు లేక పడున్నోళ్లు ఎంతమందో.

అండర్‌పాస్ల నడుస్తుంటే దాని ఎనుక చెప్పుల చప్పుడు ఇనొచ్చింది, ఎడమకాలు ఈడ్చే నడక, మా తమ్మునిదే, సంబురానికి దానికి ఏడుపొచ్చిందట. ఆ తర్వాత బూట్ల చప్పుడు. ఆ తర్వాత ఉత్తకాళ్లు, ఇగ లెక్కే లేదు. నేను ఇవుతల చెట్టు కింద బ్యాటరీ లైటు పట్టుకొని నిలబడ్డ, నాకు అదొక్కతే కనవడుతుంది, చప్పుడు మాత్రం జాతర లెక్క. కొంగు బరువైతుంది బావా, ఎవరెవరో ఎంబడొస్తుండ్రు అన్నది. ఇంటికి పోతే అందరు లోపలికొస్తరు, మన్ను పారబోస్తే వాళ్లతోని ఆయన గుడ పోతడు. పేరు పెట్టి పిలువమ్మా, తప్పు కాదు అన్న. పెదవులు కదులుతున్నయ్, గొంతు రాదు, నలభై ఏండ్ల అలవాటాయె. ఎనుక చప్పుడు ఇంకా దగ్గరికొచ్చె.

"సంగప్పా," అన్నది, "నువ్వొక్కనివే రా."

అంతే, చప్పుడు ఆగింది. మేమిద్దరం నడిచినం, ఎనుక ఈడుస్తున్న కాలు ఒక్కటే గడప దాకా వచ్చింది. ఆ పూట మాణెమ్మ కడుపునిండ తిన్నది.

మిగిలినోళ్లా? యాడికి పోతరు, గా చెట్టు కిందనే ఉన్నరు, వాళ్ల పేర్లు మనకు ఎరుక లేకపాయె. నాకైతే పాపమనిపిస్తది, ఏం చేస్తం. మీరు అటు పోకుండ్రి. పోయినా, రావయ్యా అని మాత్రం ఎవ్వలను పిలవకుండ్రి. వస్తరు.