నా నవ్వు కింద రమ్మీ

అధ్యక్షత వహించిన సర్పంచ్ సత్తమ్మ గారికి, నాలో లేని మంచి గుణాలన్నీ వెతికి చెప్పిన హెడ్మాస్టరు గారికి, భోజనాల వాసన వస్తున్నా కుర్చీలు వదలని పెద్దలకు, నా పిల్లలకు నమస్కారం. (నవ్వులు)

శాలువా ఒక్క నిమిషం ఆపండి సార్. ముందు అందరూ నా వెనకున్న ఫ్లెక్సీ చూడండి. పైన నేను, నవ్వుతూ, చేతులు జోడించి. నా మోచేతి కింద, నా పేరు కన్నా పెద్ద అక్షరాల్లో: 'ఇంట్లో కూర్చోండి, రమ్మీ ఆడండి, గెలవండి!' రిటైరయ్యాక టీచరమ్మ చేయబోయే పని ఇదే కాబోలు అనుకోరా ఎవరైనా? (నవ్వులు) పెద్దపల్లి నుంచి మా చెల్లె ఫోన్ చేసి, "మంజులక్కా, ముసలితనంల గిదేం బుద్ధే నీకు?" అని తిట్టింది.

ఈ ఫ్లెక్సీ కొట్టించింది నా శిష్యుడే, సిద్దిరాములు. తల దించకు బిడ్డా, ఎక్కం అడిగినప్పుడూ ఇట్లాగే దించేవాడివి. "టీచర్, ఖర్చంత కంపెనోళ్లే పెట్టుకుంటరు, కింద జర జాగ ఇస్తే చాలు" అన్నాడు. జర! నడుము కింద నేనే లేను. పిల్లల క్రికెట్ బనియన్ల మీద, బడి గోడ మీద ఈ ప్రకటనలు వద్దని పంచాయతీ చుట్టూ తిరిగి తీర్మానం చేయించిన మనిషిని నేను! సత్తమ్మ గారూ, సంతకం మీదే కదా? (చప్పట్లు)

ఇంతవరకు నవ్వాను గానీ, ఇక నావల్ల కాదు. తలుపు దగ్గర నిలబడ్డ హనుమండ్లు మీకందరికీ తెలుసు, సాంచెల మీద బట్ట నేస్తాడు. పోయినేడు కూలి డబ్బంతా ఈ ఆటలో పోగొట్టుకొని, బిడ్డ కోమలను బడి మాన్పించాడు. నేను ఇంటికి పోయి తిడితే, నా ముందరే ఆ ఆటను ఫోన్లోంచి తీసేశాడు. కోమల మళ్లీ బడికొచ్చింది. ఇవాళ పొద్దున గేటు దగ్గర, ఇట్లాంటిదే ఇంకో ఫ్లెక్సీ కింద ఫోన్ పట్టుకొని నిలబడ్డాడు. "టీచరమ్మా, గప్పుడు మీరే వద్దంటిరి, గిప్పుడు మీరే ఆడుమంటున్నరు. ఇప్పుడు మంచిదయ్యిందేమోనని మళ్ల ఎక్కిస్తున్న" అన్నాడు.



నా మాట నమ్మిన మనిషిని నా ముఖం పెట్టే ముంచబోయారు. ఒళ్లు మండిపోయింది నాకు, ఏడుపూ వచ్చింది.

హనుమండ్లూ, ఇటు రా. స్టేజీ ఎక్కి నీ చేత్తోనే దీన్ని పీకెయ్. సిద్దిరాములూ, నువ్వు నిచ్చెన పట్టు. ... అయ్యో, నా ముక్కు పోయింది! పర్లేదు, గుంజు! (నవ్వులు, చప్పట్లు) ఇప్పుడు ఫోన్ తియ్యి. కోమలా, నువ్వే చూడమ్మా. తీసేశాడా? సరే.

ఇక కప్పండి సార్ శాలువా. ఇంతసేపు ఓపిక పట్టినందుకు అందరికీ కృతజ్ఞతలు. సెలవు.

సిద్దిరాములూ, నిచ్చెన లోపల పెట్టకు. గేటు దగ్గరిది అట్లాగే ఉంది.